చంద్రుడి మట్టితో ఇటుక అవుతుందా? మా నాయనతో పందెం, తేల్చండి

బట్టీ_బుజ్జి
మాది ఏర్పేడు పక్కన ఇటుకల బట్టీ. మా నాయన ముప్పై ఏండ్లుగా ఇదే పని. మొన్న రాత్రి అన్నం తింటా, చంద్రుడి మీద ఆడి మట్టితోనే ఇటుకలు చేసి ఇండ్లు కడతారంట అని ఫోన్‌లో చదివి వినిపించినా. చెయ్యి కడుక్కునేదాకా నవ్వతానే ఉండాడు. "నీళ్ళెవుడు పోస్తాడ్రా? మట్టి తొక్కేదెవురు? కట్టెలు యాడుండాయి? గాలే లేనిచోట మంటెట్ట మండుతాది?" అని నాలుగు ప్రశ్నలేసినాడు. ఒక్కదానికీ నాకు జవాబు రాలా. ఉక్రోషంలో పందెం కట్టేసినా. చంద్రుడి మట్టితో ఇటుక అవుతాదని నేను నిరూపిస్తే ఆదివారం రెండు కిలోల పొట్టేలు మాంసం ఆయన ఖర్చు. లేకుంటే నెల రోజులు తెల్లారుజామున నాలుక్కి లేచి లోడింగు నేనే చూసుకోవాల. తెలిసినోళ్ళు రవ్వంత ఆదుకోండి.

అలిపిరి_మెట్టు
నాలుక్కి అలారం పెట్టుకో తమ్ముడూ.

తోతాపురి_తొక్క
ముందు అది తుడా అప్రూవ్డ్ లేఅవుటేనా కనుక్కో. తర్వాత ఇటుకల సంగతి చూద్దాం.

సివిల్_సాంబారు
మీ నాన్నగారు అడిగిన నాలుగూ అసలైన ప్రశ్నలే. ఈ పని మీద ఉన్నవాళ్ళు తల బద్దలు కొట్టుకుంటున్నది కూడా వాటి దగ్గరే. కానీ అంతకంటే ముందు ఇంకో ప్రశ్న ఉంది: ఇక్కణ్ణించే ఇటుకలు పట్టుకెళ్ళొచ్చు కదా? చంద్రుడి మీదికి సరుకు చేరవేస్తామన్న ఒక అమెరికా ప్రైవేటు కంపెనీ కిలోకి పెట్టిన రేటు 12 లక్షల డాలర్లు. మన డబ్బుల్లో పది కోట్ల పైమాటే. మీ బట్టీ ఇటుక మూడు కిలోలు తూగుతుంది అనుకుంటే ఒక్క ఇటుక కిరాయి ముప్పై కోట్లు.

బట్టీ_బుజ్జి
మేం తొమ్మిది రూపాయలకి ఇస్తా ఉండాం సార్. దాంట్లో కూడా రూపాయి తగ్గించమంటారు.

స్వర్ణముఖి_ఇసుక
ఈడ ఇల్లు కట్టుకుందామంటే ట్రాక్టర్ ఇసుకకి నెల తిరిగినా. చంద్రుడి మీద ఇల్లు ఎవురికబ్బా? ముందు ఈడ కట్టండి.

అలిపిరి_మెట్టు
ఆ బాధకి వేరే చర్చ పెట్టన్నా, మేం కూడా వచ్చి ఏడుస్తాం. ఇది పందెం చర్చ.

పలమనేరు_కుండ
కుండలు చేసే ఇంట్లో పుట్టినోణ్ణి కాబట్టి రెండో ప్రశ్నకి నేను చెప్తా. మట్టి తొక్కేది ఎందుకు? జిగట రావడానికి. ఆ జిగట మట్టికి యాణ్ణించి వస్తాది? రాయి ఏండ్లకేండ్లు నీళ్ళల్లో నాని, చివికి, బంకమన్ను అవుతాది. ఆ మన్ను రేణువులు సన్నటి పలకల మాదిరి ఉంటాయి. తడి తగిల్తే ఒకదాని మీద ఒకటి జారతాయి. అందుకే సారె మీద కుండ లేస్తాది, మీ నాయన అచ్చులో ఇటుక నిలబడతాది.

చంద్రుడి మీద ఏరు పారిందీ లేదు, వాన పడిందీ లేదు. కోట్ల ఏండ్లుగా ఉల్కలు, ఇసక రేణువంత చిన్నవి కూడా, వచ్చి కొట్టి కొట్టి రాయంతా పొడైంది. ఆ దెబ్బల వేడికి కొంత కరిగి గాజై, పక్క రేణువులకి అతుక్కుంది. అంటే అది మట్టి కాదు, రాతిపొడీ గాజుపొడీ కలిసిన బూడిద. నీళ్ళు పోసి పదిమంది తొక్కినా ముద్ద కట్టదు. పాదాలు కోసుకుంటాయి, అంతే. నాయన గెలిచినట్టే.

కుప్పం_గ్రీన్
పైన కుండన్న చెప్పింది నూటికి నూరుపాళ్ళు. నాది గ్రానైట్ పాలిషింగ్ పని. ఏటి ఇసుక చేతిలో పోసుకుంటే గుండ్రంగా జారిపోతాది, నీళ్ళు దొర్లించి దొర్లించి అంచులు అరిగిపోయి ఉంటాయి. క్రషర్‌లో వచ్చే రాతిపొడి అట్ట ఉండదు, మూల మూలా గుచ్చుకుంటాది. చంద్రుడి పొడి దానికి తాత. గాలీ నీళ్ళూ లేవు గదా, పగిలిన అంచు పగిలినట్టే ఉండిపోతాది.

ఇంకో ముచ్చట. మన చంద్రయాన్ ల్యాండర్‌నీ రోవర్‌నీ పరీక్ష చేసేదానికి ఇస్రోవాళ్ళకి అట్టాంటి పొడి టన్నుల కొద్దీ కావాల్సి వచ్చింది. అమెరికాలో కొంటే తడిసి మోపెడు. అప్పుడు దొరికింది మన సేలం అవతల నామక్కల్ జిల్లాలో సిత్తంపూండి రాయి. అనార్థొసైట్ అంటారు. చంద్రుడి మీద తెల్లగా కనిపించే ఎత్తు ప్రాంతాలన్నీ దాదాపు ఆ జాతి రాయే. దాన్ని పగలగొట్టి, నూరి, జల్లించి నకిలీ చంద్రమట్టి చేసినారు. ఆ పద్ధతికి 2014లో అర్జీ పెడితే 2020లో పేటెంటు వచ్చింది. కుప్పం నించి లారీ వేసుకుంటే ఒక పూట దూరంలో చంద్రుడు ఉండాడు, మనం పైకి చూస్తా ఉండాం.

తోతాపురి_తొక్క
"ఒక పూట దూరంలో చంద్రుడు." బస్సు వెనక రాయించన్నా.

గానుగ_సున్నం
నేను పాత గుళ్ళూ కోటలూ బాగుచేసే పనుల్లో తిరిగినవాణ్ణి. జిగట లేకపోతే బయటి నుంచి కలపాలి, మన పెద్దలకి అది కొత్త కాదు. సున్నాన్ని గానుగలో రుబ్బి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు కలిపి కట్టిన గోడలు వందల ఏళ్ళు నిలిచాయి. చంద్రగిరి కోటలో రాజమహల్ చూడండి, మూడంతస్తులు, కలప ముక్క లేకుండా రాయి, ఇటుక, సున్నంతో లేచింది. చంద్రుడి రాయిలో కాల్షియం దండిగా ఉందట కదా. అక్కడే సున్నం తీసి గానుగాడిస్తే సరి. ఈ లేజర్లూ రోబోలూ ఎందుకు?

సివిల్_సాంబారు
@గానుగ_సున్నం మీ మాటలో సగం నిజం, సగం ఇబ్బంది. కాల్షియం ఉన్నది నిజమే. కానీ సున్నం గట్టిపడేది దేనివల్ల? గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను మెల్లగా పీల్చుకుని మళ్ళీ సున్నపురాయిగా మారడం వల్ల. అక్కడ పీల్చుకోవడానికి గాలే లేదు. మీ గోడ వెయ్యేళ్ళయినా పచ్చిగానే ఉంటుంది.

గానుగ_సున్నం
సరే, ఒప్పుకున్నా. మరి కరక్కాయ, బెల్లం సంగతేంటి?

సివిల్_సాంబారు
అక్కడ మీరు గెలుస్తారు. బెంగళూరు ఐఐఎస్‌సీ, ఇస్రో కలిసి 2020లో చేసి చూపించిన ఇటుకలో ఉన్నది ఇదే తరహా మందు: నకిలీ చంద్రమట్టి, యూరియా, ఒక రకం బాక్టీరియా, గోరుచిక్కుడు గింజల బంక. స్పోరోసార్సినా పాశ్చురీ అని ఆ బాక్టీరియా పేరు. అది యూరియా తిని, కాల్షియంతో కలిపి, రేణువుల మధ్య సున్నపురాయి స్ఫటికాలు కడుతుంది. గోరుచిక్కుడు బంక అన్నిటినీ పట్టి ఉంచుతుంది. కాల్చే పని లేదు.

కాణిపాకం_కోడలు
గోరుచిక్కుడు అంటే మటిక్కాయలేనా?

సివిల్_సాంబారు
అవునక్కా, అవే.

కాణిపాకం_కోడలు
మా ఇంట్లో తాళింపు పెడితే ఎవురూ ముట్టరు. చంద్రుడి మీద ఇండ్లు కడతాయని చెప్తే అయినా తింటారేమో చూస్తా.

రేణిగుంట_జంక్షన్
ఆ యూరియా ఏరువాక యూరియా కాదు, వ్యోమగాముల ఉచ్చ. అసలు విషయం దాచిపెట్టి చెప్తున్నారు సార్. నేను చదివా, యూరప్‌వాళ్ళు ఉచ్చతోనే ఇల్లు కట్టేశారు.

సివిల్_సాంబారు
దాచలేదు, మీరు రెండింటిని కలిపేశారు. యూరప్‌వాళ్ళ ప్రయోగం వేరు. వాళ్ళు 2020లో చెప్పింది సిమెంటులాంటి ముద్ద తక్కువ నీళ్ళతోనే మెత్తగా జారేలా చేయడానికి యూరియా పనికొస్తుందని. మన పనుల్లో ప్లాస్టిసైజర్ డబ్బా కలుపుతాం చూడండి, దాని బదులు. ఐఐఎస్‌సీలో యూరియా బాక్టీరియాకి తిండి. రెండు చోట్లా ఉచ్చ నుంచి తీసుకోవచ్చు అన్నమాట నిజం. ఇల్లు మాత్రం ఎవరూ కట్టలేదు, పరీక్ష దిమ్మలే.

తోతాపురి_తొక్క
గృహప్రవేశానికి పిలిస్తే రాను. ముందే చెప్తున్నా.

పలమనేరు_కుండ
బాక్టీరియా బతకాలంటే నీళ్ళు, గాలి, వెచ్చదనం కావాల గదా. ఆరుబయట పెడితే చస్తాయి. మళ్ళా మొదటి ప్రశ్నకే వచ్చినాం: నీళ్ళెవుడు పోస్తాడు?

సివిల్_సాంబారు
నిజమే. మూసిన గదిలో చేసి, నీళ్ళు ఆవిరైపోకుండా పట్టి, మళ్ళీ వాడుకోవాలి. అందుకే అదే ఐఐఎస్‌సీవాళ్ళు 2025లో ఇంకో దారి చూపించారు. ఇటుకను వేడితోనే చేసి, ఎండకీ చలికీ అది పగిలినప్పుడు ఆ పగులు పూడ్చడానికి ఈ బాక్టీరియా ముద్ద వాడొచ్చని. అంటే గోడ కట్టే మేస్త్రి కాదు, ప్యాచ్ వేసే మేస్త్రి.

బట్టీ_బుజ్జి
నాయనకి చదివి వినిపిస్తా ఉండా. "సిమెంటు అయితే కుదరదా, అడుగు" అంటా ఉండాడు. నా పందెం మీద నాకంటే ఆయనకే జాస్తి ఆత్రం.

సివిల్_సాంబారు
కుదిరింది కూడా. 1986లో టి.డి. లిన్ అనే కాంక్రీటు నిపుణుడికి నాసా, అపోలో యాత్రల్లో తెచ్చిన అసలు చంద్రమట్టిలోంచి 40 గ్రాములు ఇచ్చింది. దాన్ని ఇసుక బదులు వాడి వేలెడంత కాంక్రీటు చేసి నొక్కి చూశారు, బాగా గట్టిగా వచ్చింది. కానీ అందులో సిమెంటు, నీళ్ళు ఇక్కడివే. గాలి లేని చోట తడి కాంక్రీటు బయట పెడితే అది గట్టిపడేలోపే నీళ్ళు ఎగిరిపోతాయి. మనం స్లాబు మీద గోనెసంచులు కప్పి క్యూరింగు చేస్తాం, అక్కడ స్లాబును గదిలో పెట్టాలి.

2023లో మాంచెస్టర్‌వాళ్ళు ఉర్లగడ్డ పిండి, ఉప్పు కలిపి చేశారు. చంద్రుడి రకం పొడితో చేసిన దిమ్మ 91 మెగాపాస్కల్ (నొక్కుడు కొలత) దాకా ఆగింది. మన ఇంటి స్లాబు ఎమ్20 అంటాం చూడండి, ఆ లెక్కలో అది 91.

కాణిపాకం_కోడలు
గంజి పెట్టిన ఇటుక అన్నమాట. మా మామగారి పంచెలు కూడా అట్టే నిలబడతాయి.

ఏడుకొండల_ఎక్కిళ్ళు
నాకొకటి అర్థం కాలేదు. అక్కడ బరువు ఆరో వంతే కదా. వంద కిలోల మనిషి పదహారు, పదిహేడు కిలోలు తూగుతాడు. అలాంటప్పుడు గోడ అంత గట్టిగా ఎందుకు? నాలుగంగుళాల గోడ చాలు. 91 ఎవరికోసం?

సివిల్_సాంబారు
ఈ చర్చలో ఇప్పటిదాకా ఎవరూ ముట్టుకోని చోట చెయ్యి పెట్టారు. కాస్త పెద్దగా రాస్తా, ఓపిక పట్టండి.

మన ఇంట్లో గోడకి పని ఏంటి? పైకప్పు కిందికి నొక్కుతుంటే మోయడం. ఇటుకకి అది బాగా వచ్చు. నొక్కితే ఆగుతుంది, లాగితే విడిపోతుంది. చంద్రుడి మీద బయట గాలి సున్నా. లోపల మనుషులు బతకాలంటే గాలి నింపాలి. మన నేల మీద ఉండేంత గాలి నింపితే, ప్రతి చదరపు మీటరు గోడనీ, పైకప్పునీ అది లోపలి నుంచి బయటికి పది టన్నుల పైన తోస్తుంది. అంటే అక్కడ ఇల్లు కూలిపోదు, పేలుతుంది. ఊదిన బెలూన్ అనుకోండి. ఇటుకలతో బెలూన్ కట్టగలమా? గోడ మోయాల్సింది బరువు కాదు, లాగుడు. అది 91 అయినా 200 అయినా నొక్కుడు లెక్కే, లాగుడుకి పనికిరాదు. పైగా జాయింటు జాయింటుకీ గాలి కారుతుంది.

ఏడుకొండల_ఎక్కిళ్ళు
అయితే పైన మట్టి పోసి నొక్కిపెట్టొచ్చు కదా? మట్టికి కరువు లేదు. లోపలి తోపుడుకీ పై బరువుకీ చెల్లు.

సివిల్_సాంబారు
లెక్క వేద్దాం. అక్కడి మట్టి గట్టిగా కూరితే ఘనపు మీటరు సుమారు 1.7 టన్నులు. కానీ అక్కడ దాని బరువు ఆరో వంతు, అంటే మన లెక్కలో 0.28 టన్ను. లోపలి తోపుడు చదరపు మీటరుకి 10.3. భాగిస్తే దాదాపు 36 మీటర్లు. పన్నెండు అంతస్తుల ఎత్తు మట్టి పోయాలి ఒక గది మీద. మీరు చెప్పిన ఆరో వంతు బరువే ఇక్కడ మనకి ఎదురు తిరుగుతుంది.

ఏడుకొండల_ఎక్కిళ్ళు
నోరు మూసుకున్నా.

బట్టీ_బుజ్జి
అంటే ఇటుకలతో ఇల్లే లేదా? నాలుక్కి లేవాల్సిందేనా?

కాణిపాకం_కోడలు
ఉండబ్బా, తొందరపడకు. మా అమ్మమ్మోళ్ళ ఊరు మదనపల్లె పక్క. వాళ్ళది మట్టిమిద్దె. దూలాలు, వాటి మీద దంతెలు, మీద బోద పరిచి, ఆపైన జానెడు మందం చౌడుమట్టి. ఆ మట్టి ఇంటిని మోసేది కాదు, మోసేది దూలాలు. మట్టి పని ఎండని ఆపేది. మే నెలలో మా తిరపతి స్లాబింట్లో ఉడికిపోతా ఉంటే ఆడ మధ్యాహ్నం దుప్పటి కప్పుకుని నిద్రపొయ్యేవాళ్ళం. చంద్రుడి మీద కూడా అట్టే చెయ్యొచ్చు గదా? లోపల బెలూన్ ఏదో పెట్టుకోండి, పైన మట్టి కప్పండి.

సివిల్_సాంబారు
అక్కా, మీరు చెప్పింది 2013లో యూరప్ అంతరిక్ష సంస్థ, ఫాస్టర్ అండ్ పార్ట్‌నర్స్ అనే ఆర్కిటెక్టులు కలిసి గీసిన బొమ్మే. లోపల గాలి ఊదే గుమ్మటం, దాని మీద అక్కడి మట్టితో రోబో అచ్చువేసిన పెంకు. గాలి పట్టేది లోపలి గుడ్డ. ఉల్కలు, సూర్యుడి నుంచీ బయటి నుంచీ వచ్చే రేడియేషన్, ఎండా చలీ, వీటిని ఆపేది మట్టి. దానికి రెండు మూడు మీటర్ల మందం అనుకుంటారు. నమూనాగా ఒకటిన్నర టన్ను దిమ్మ అచ్చువేసి చూపించారు కూడా.

కాణిపాకం_కోడలు
మా అమ్మమ్మ బొమ్మ గీయలేదు, అంతే తేడా.

సూళ్లూరుపేట_గాలి
ఎండని ఆపడం అన్నారు కాబట్టి ఒక మాట. 2023 జులై 14న మధ్యాహ్నం 2:35కి చంద్రయాన్-3 మా నెత్తిమీదే పోయింది. కిటికీలు గడగడలాడినాయి. జిల్లా మారి మేం కూడా తిరుపతోళ్ళం అయిపోయినాం కాబట్టి ఇది మన జిల్లా రాకెట్టే. ఆగస్టు 23న దిగినాక, విక్రమ్ ఒక గుచ్చుడు థర్మామీటర్ నేలలోకి దించింది. చాస్టే అని పేరు. పైన 50 డిగ్రీల చిల్లర ఉంటే, 8 సెంటీమీటర్ల లోతులో సున్నాకి దిగువన 10. జానెడు కూడా లేదు! ఆ పొడి వేడిని అసలు కిందికి పోనీదు. ఆ అమ్మమ్మ గారి చౌడుమట్టి కంటే గట్టిది.

రేణిగుంట_జంక్షన్
అప్పుడు నేను వ్యూయింగ్ గ్యాలరీకి వచ్చా. ట్రాఫిక్‌లో ఇరుక్కుని సగం రాకెట్టే చూశా.

శిలాతోరణం_నీడ
ఇంత గొడవ ఎందుకు, గుహల్లో దూరితే పోలా? చంద్రుడి మీద లావా పారిన సొరంగాలు ఉన్నాయి. జపాన్ నౌక కగుయా 2009లో ఒక పెద్ద గుంత పట్టింది. 2024లో ఇంకో గుంత అడుగున గుహ సాగుతోందని రాడార్ లెక్కలతో తేల్చారు, అదీ అపోలో 11 దిగిన ప్రశాంత సాగరంలోనే. కట్టే పని లేదు, మట్టి మోసే పని లేదు.

తోతాపురి_తొక్క
వంద మీటర్ల గుంతలోకి దిగేది ఎట్ట? లిఫ్టు పెడతావా, డోలీ పెడతావా?

శిలాతోరణం_నీడ
తాడు.

తోతాపురి_తొక్క
నువ్వు ముందు దిగు.

కుప్పం_గ్రీన్
ఇందాకటి నించి ఇల్లు ఇల్లు అంటా ఉండారు. నేను దుమ్ము సంగతి చెప్పాల. మా మేనమామ ఇరవై ఏండ్లు ఒక క్రషర్‌లో చేసినాడు. మూతికి తువ్వాలు కట్టుకునేవాడు, అంతకుమించి ఎవురూ ఏమీ ఇయ్యలా. ఇప్పుడు పది మెట్లు ఎక్కితే కూర్చోవాల. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో దిగితే బయటికి రాదు.

చంద్రుడి దుమ్ము కూడా ఆ బాపతే. అపోలో 17లో పోయిన ష్మిట్, ఆయన రాళ్ళు చదివిన మనిషి, లోపలికి వచ్చి టోపీ తీసినాక ముక్కు దిబ్బడేసి తుమ్ములు. కాల్చిన తుపాకీ మందు వాసన వచ్చిందని చెప్పినారు. బట్టలకి పట్టేసి, కీళ్ళకాడ అరగదీసింది. వాళ్ళ బండి మడ్‌గార్డ్ విరిగితే దుమ్ము వానలాగా పడిందంట, మ్యాపు కాగితాలు టేపుతో అతికించి మడ్‌గార్డ్ చేసుకున్నారు. ఈ దుమ్మే ముడిసరుకు, ఈ దుమ్మే శత్రువు. ఇంటికంటే ముందు గచ్చు కావాల ఆడ.

సివిల్_సాంబారు
కుప్పం అన్న అసలు చోటికి తెచ్చారు. గచ్చు అంటే ముఖ్యంగా రాకెట్టు దిగే గచ్చు. 1969 నవంబరులో అపోలో 12 దిగింది. దాదాపు 160 మీటర్ల దూరంలో అంతకు రెండున్నరేళ్ళ ముందు దిగిన, మనుషుల్లేని నౌక సర్వేయర్ 3 ఉంది. వ్యోమగాములు దాని కెమెరా, కొన్ని ముక్కలు విప్పి తెచ్చారు. ఇక్కడ చూస్తే ఇసుకతో కొట్టినట్టు గీతలు, గుంటలు. దిగేటప్పుడు మంట ఎగదోసిన దుమ్ము కొట్టిన దెబ్బ అది. గాలి లేదు కాబట్టి ఆ రేణువు ఆగదు, తూటాలా పోతుంది. రేపు పక్కపక్కనే పది సార్లు దిగాలంటే పక్కవాడి కిటికీ, సోలార్ పలక ఏవీ మిగలవు. అందుకని ముందు కావాల్సింది పరుపుడు బండలు, రోడ్డు, ఒక అడ్డుగోడ. ఇవి లోపల గాలి పట్టక్కర్లేదు. లాగుడు లేదు, నొక్కుడే. అక్కడ మీ ఇటుక పనికొస్తుంది బుజ్జీ!

బట్టీ_బుజ్జి
ఇప్పుడు ప్రాణం లేచొచ్చింది. మరి కట్టెలు? మంట?

సివిల్_సాంబారు
మంట అక్కర్లేదు, వేడి చాలు. కట్టె కాలాలంటే గాలి కావాలి గానీ ఎండకీ కరెంటుకీ అక్కర్లేదు. అద్దాలతో ఎండని ఒకచోటికి తెచ్చి, వెయ్యి డిగ్రీల పైకి తెస్తే ఆ పొడి రేణువులు అంచుల దగ్గర కరిగి ఒకదానికొకటి అతుక్కుంటాయి. జర్మనీలో కొలోన్ దగ్గర 147 అద్దాల సౌర కొలిమితో చేశారు, 2017లో చూపించారు. పొర మీద పొర, పదో వంతు మిల్లీమీటరు చొప్పున. 20 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు, 3 మందం ఇటుకకి అయిదు గంటలు పట్టింది. 2023లో లేజర్‌తో కరిగించి, ఒకదాంట్లో ఒకటి ఇరుక్కునే పెద్ద పలకలు చేశారు, అవి సరిగ్గా ఈ గచ్చు కోసమే. చైనావాళ్ళు 2024 నవంబరులో తమ అంతరిక్ష కేంద్రానికి నకిలీ చంద్రమట్టి ఇటుకలు పంపి, బయట ఎండకీ చలికీ ఎలా ఉంటాయో చూస్తున్నారు.

పలమనేరు_కుండ
కొలోన్ ఇటుక అంచులు వంకర పోయినాయా?

సివిల్_సాంబారు
మీకెలా తెలుసు? అవును, కొన్నిటికి అంచులు పైకి లేచాయి. అంచులు తొందరగా చల్లారి, నడుమ వేడిగా ఉండటం వల్ల.

పలమనేరు_కుండ
కుండలు కాల్చే ఆము తలుపు తొందరపడి తీస్తే మా కుండలకి అదే గతి. మెల్లగా చల్లారనీయాల. వాళ్ళకి మంచి కుమ్మరి ఒకడు కావాల.

స్వర్ణముఖి_ఇసుక
ఆడ రాత్రి పధ్నాలుగు రోజులంట గదా. ఎండ కొలిమి అయితే పధ్నాలుగు రోజులు పని, పధ్నాలుగు రోజులు సెలవు. మా మేస్త్రికి చెప్పినా, వెంటనే పోతానన్నాడు.

సూళ్లూరుపేట_గాలి
అందుకే అందరి చూపూ దక్షిణ ధ్రువం మీద. అక్కడ కొన్ని గట్ల మీద ఎండ దాదాపు ఎప్పుడూ ఉంటుంది, పక్క గుంతల్లో మంచు. మొదటి ప్రశ్నకి కూడా జవాబు అక్కడే ఉంది, నీళ్ళు.

కుప్పం_గ్రీన్
తవ్వేది మర్చిపోతా ఉండారు. జేసీబీ తవ్వేది దాని బరువుతో. ఆడ బరువు ఆరో వంతు, బొచ్చె నేలలోకి దించితే బండే పైకి లేస్తాది. పైన నాలుగు వేళ్ళు మెత్తగా ఉన్నా కింద బిగుసుకుపోయి ఉంటాది. అపోలోవాళ్ళు జెండా కర్ర దింపేదానికే తిప్పలు పడినారు.

సివిల్_సాంబారు
దానికి నాసావాళ్ళు రెండు డ్రమ్ములు ఎదురెదురుగా తిరిగే బండి చేశారు, రాసర్ అని. ఒక డ్రమ్ము తోసేదాన్ని ఇంకోటి చెల్లు కొడుతుంది. కొద్దికొద్దిగా గీరుతుంది గానీ పైకి లేవదు.

బట్టీ_బుజ్జి
అందరికీ దండం. రాత్రి మొత్తం కూర్చోబెట్టి చదివి వినిపించినా. కిక్కురుమనకుండా విన్నాడు. ఉచ్చ దగ్గర ఒకసారి, పంచె దగ్గర ఒకసారి నవ్వినాడు. కుప్పం అన్న మేనమామ కత దగ్గర మాత్రం "మనోళ్ళకి మాస్కులు తేవాల రేపు" అన్నాడు, అంతే. ఆఖర్న తీర్పు చెప్పినాడు: "నీళ్ళు పోసేది లేదు, తొక్కేది లేదు, కోసేది లేదు, ఆరబెట్టేది లేదు, పేర్చి కాల్చేది లేదు. అద్దం పెట్టి కరిగించి పలక పోస్తారు, నేలమీద పరుస్తారు. అది ఇటుక ఎట్టయితాదిరా? బండ. పందెం ఇటుక మీద."

సివిల్_సాంబారు
ఇది అన్యాయం! కొలోన్‌లో చేసినది ఇటుకే. కొలతలు కూడా ఇచ్చాను.

బట్టీ_బుజ్జి
చెప్పినా సార్. "మందం ఎంత?" అన్నాడు. మూడు సెంటీమీటర్లు అన్నా. "మూడు సెంటీమీటర్లయితే పెంకు" అన్నాడు. "అయిదు గంటలకి ఒక్క పెంకు. మన దగ్గర ఇద్దరు కూర్చుంటే పొద్దుగూకేలోపల వెయ్యి కోస్తారు" అని లేచి పడుకున్నాడు.

పలమనేరు_కుండ
నా ఓటు నాయనకే.

గానుగ_సున్నం
నాది కూడా. గోరుచిక్కుడు ఇటుకని లెక్కలోకి తీసుకుంటే మాత్రం మార్చుకుంటా.

కాణిపాకం_కోడలు
దాన్ని కాల్చలేదు గదా, పచ్చి ఇటుక అంటాడు ఆయన. బుజ్జీ, రాజీకి రా.

బట్టీ_బుజ్జి
వచ్చినాను అక్కా. అమ్మ మధ్యలో దూరింది. రెండు కిలోలు కాదు, ఒక కిలో. నెల కాదు, పదిహేను రోజులు.

తోతాపురి_తొక్క
చంద్రుడి మీద పగలు ఎంతసేపో అంతసేపు అన్నమాట.

అలిపిరి_మెట్టు
అలారం పెట్టుకున్నావా?

బట్టీ_బుజ్జి
మూడూ యాభైకి.